సెంట్ల లెక్కన తెగుతున్న పాడి పొలాలు
గేదెకు గడ్డి కరువు - కొన్నవారికి కాగితమే మిగులు

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వరకు సుమారు 50 కిలోమీటర్ల దారిలో, రోడ్డుకు ఇరుపక్కలా వరిచేల నడుమ సున్నం వేసిన సిమెంటు రాళ్లు వరుసగా పాతి కనిపిస్తాయి. వాటి మధ్య రంగుల జెండాలు ఎగురుతుంటాయి. మొన్నటి వరకు సార్వా, దాళ్వా పండి, కోత కాగానే జనుమో పిల్లిపెసరో చల్లి గేదెలను మేపిన నేల అది. ఇప్పుడది ఎకరాలలో కాక సెంట్లలో, గజాలలో అమ్ముడవుతోంది.

ఈ అమ్మకాలన్నీ అక్రమమని చెప్పడానికి వీల్లేదు. అనుమతులు తీసుకుని, రోడ్లు వేసి, మురుగు పోయే దారి చూపి అమ్మినవీ వున్నాయి. అయితే అనుమతి లేకుండా, వ్యవసాయ భూమిగానే దస్తావేజు రాయించి ముక్కలు చేసి అమ్మే పద్ధతి కూడా పల్లెల్లోకి పాకింది. ఇటువంటి బేరంలో అమ్మేవారికి రొక్కం, మధ్యవర్తికి కమీషను, కొనేవారికి దస్తావేజు దక్కుతున్నాయి. ఆ నేల మీద ఇంతకాలం బతికిన పాడికి, కౌలుదారుకు మాత్రం బేరంలో చోటు లేదు. కొన్నవారికైనా ఇల్లు కట్టుకునే వీలు దక్కుతున్నదా అంటే, అదీ అనుమానమే.

ఇరుపక్కల ఒత్తిడి

ఈ ప్రాంతపు నేల స్వరూపం తెలిస్తే సమస్య సులభంగా అర్థమవుతుంది. ఏలూరు కాల్వకు ఎగువన మెట్ట, దిగువన డెల్టా. డెల్టా పల్లానికి జారుతూ పోయి కొల్లేరులో కలుస్తుంది. గోదావరి కాల్వ, కృష్ణా కాల్వ కలుసుకునేది ఏలూరులోనే. రెండు నదుల నీరు, బరువైన నేల, ఏటా రెండు పంటల గడ్డి - ఇక్కడ పాడి నిలవడానికి ఇవే మూలం.

ఈ నేల మీద ఒత్తిడి రెండు వైపుల నుంచి వస్తోంది. కొల్లేరు వైపు నుంచి చేపల చెరువులు, రొయ్యల చెరువులు వరిచేలను మింగుతూ పైకి వస్తున్నాయి. రోడ్ల వైపు నుంచి ప్లాట్లు కిందికి దిగుతున్నాయి. గుండుగొలను దగ్గర జాతీయ రహదారి రెండుగా చీలుతుంది. కొత్త దారి నల్లజర్ల మీదుగా కొవ్వూరు వైపు పోతుంది. పాత దారి తాడేపల్లిగూడెం మీదుగా తణుకు వైపు సాగుతుంది. రెండు దారుల పక్కనా భూమికి గిరాకీ పెరిగింది.

తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. 2015లో తాడేపల్లిగూడెంలోనే జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ప్రారంభమైంది. 2022 ఏప్రిల్ 4న పాత పశ్చిమ గోదావరి జిల్లా విడిపోయి ఏలూరు కేంద్రంగా ఒక జిల్లా, భీమవరం కేంద్రంగా మరో జిల్లా ఏర్పడ్డాయి. కైకలూరు, మండవల్లి వంటి కృష్ణా జిల్లా మండలాలు ఏలూరు జిల్లాలో కలిశాయి. 2023లో ఏలూరుకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఇవన్నీ ప్రజలకు మేలు చేసేవే. కాని ఒక్కొక్క ప్రకటన వెలువడినప్పుడల్లా చుట్టుపక్కల ఊళ్లలో పొలం ధర చెప్పే తీరు మారుతూ వచ్చింది. 'ఎకరం ఎంత' అని అడిగే చోట 'గజం ఎంత' అని అడగడం మొదలైంది.

రైతు ఎందుకు అమ్ముతున్నాడు?

అమ్మే రైతును తప్పుపట్టడం తేలిక. అతని లెక్క కూడా వినాలి. తండ్రికి మూడెకరాలు వుండి నలుగురు బిడ్డలుంటే తలా 75 సెంట్లు వస్తుంది. ఆ ముక్క మీద ట్రాక్టరు తిప్పుకోవడమే కష్టం, ఒక కుటుంబం బతకడం అంతకన్నా కష్టం. రాష్ట్రంలో 1986లో చేసిన చట్ట సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకూ సమాన వాటా ఇచ్చింది. 2005లో దేశమంతటా అదే న్యాయం వచ్చింది. అంతకు ముందే ఈ ప్రాంతంలో పసుపు కుంకాల కింద ఆడపిల్లకు పొలం రాసివ్వడం ఆనవాయితీగా వుంది. వాటా న్యాయమే, అందులో రెండో మాట లేదు. అయితే వాటా పొందిన వారు హైదరాబాదులోనో, అమెరికాలోనో స్థిరపడి వుంటే ఆ 75 సెంట్లను సాగు చేయించే ఓపిక, అవసరం వారికి వుండవు.

ఇక ఊళ్లో మిగిలిన రైతు పరిస్థితి మరోలా వుంది. పాలు పితికే మనిషి దొరకడు, తవుడు, తెలకపిండి ధర తగ్గదు, గేదె ఒట్టిపోయిన నెలల్లో ఖర్చే తప్ప రాబడి లేదు. పిల్లల చదువుకో, ఆసుపత్రికో, పాత అప్పుకో ఒకేసారి పెద్ద మొత్తం కావలసి వస్తుంది. అప్పుడు మధ్యవర్తి వచ్చి, వ్యవసాయపు ధరకు ఎన్నో రెట్లు చెప్పి బయానా చేతిలో పెడితే కాదనడం సామాన్యం కాదు.

కనుక రైతు అమ్ముతున్నాడా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఏ నేలను, ఏ పద్ధతిలో, ఎవరి నష్టం మీద అమ్ముతున్నారన్నదే ప్రశ్న.

గడ్డి లెక్క

పాడి పొలం అంటే కేవలం పశువుల పాక వున్న స్థలం కాదు. మకాం, గడ్డిమేటు, చేను గట్టు, కాల్వ రేవు, ఊరి పుంత - ఇవన్నీ కలిస్తేనే పాడి. వీటిలో ఏ ఒక్కటి తెగినా మిగిలినవి కుంటుపడతాయి.

ఒక పెద్ద గేదెకు రోజుకు సుమారు ఏడు కిలోల ఎండుగడ్డి కావాలి. ఏడాదికి లెక్కిస్తే రెండున్నర టన్నులు. ఒక ఎకరం వరి పంటకు వచ్చే గడ్డి కూడా ఉజ్జాయింపుగా అంతే. అంటే ఒక ఎకరం సార్వా గడ్డి ఒక గేదెకు ఏడాది మేత అన్నమాట. దాళ్వా గడ్డి కూడా చేతికి వస్తే మరో గేదెను కట్టుకోవచ్చు. పచ్చిమేత, దాణా వీటికి అదనం.

ఈ లెక్కన ఒక ఊళ్లో పదెకరాలు ప్లాట్లయితే కనీసం పది గేదెల మేత పోయినట్టే. మంచి ముర్రా జాతి గేదె ఒక ఈతలో 1,500 నుంచి 2,000 లీటర్ల పాలిస్తుంది. పది గేదెలంటే కనీసం 15,000 లీటర్లు. ఆ పదెకరాల సొంతదారు ఒక్కడే కావచ్చు. ఆ గడ్డి మీద బతికే గేదెలు మాత్రం పది ఇళ్లవి.

వరికోత యంత్రాలు వచ్చాక గడ్డి దొరకడం అసలే తగ్గింది. యంత్రం వదిలిన గడ్డి ముక్కలై చేలో చెల్లాచెదరుగా పడుతుంది. కట్టలు కట్టే మరో యంత్రాన్ని అద్దెకు తెచ్చుకోలేనివారు దాన్ని చేలోనే తగలబెడుతున్నారు. చేపల చెరువుగా మారిన చేలో గడ్డి ఊసే లేదు. ఇప్పుడు ప్లాట్లు కూడా తోడయ్యాయి. గడ్డి కొనుక్కొచ్చి గేదెను మేపేవాడికి పాల మీద మిగిలేది స్వల్పం.

ఇంకొక సంగతి అంతగా ఎవరి దృష్టికీ రావడం లేదు. పాల కేంద్రం నడవాలంటే ఊళ్లో కొంత పరిమాణం పాలు పోగవ్వాలి. అంతకన్నా తగ్గితే పాల వ్యాను ఆ ఊరికి రావడం దండగ అవుతుంది. వ్యాను మానుకుంటే, పొలం అమ్మనివారి పాలకు కూడా మార్కెట్టు పోయినట్టే. ఈ విధంగా కొందరి అమ్మకం, అమ్మనివారి జీవనాన్ని సైతం దెబ్బతీస్తుంది.

గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో 1946లో పుట్టిన పాల సహకార సంఘం అమూల్‌గా ఎదిగింది. అదే నమూనాపై 1970లో 'ఆపరేషన్ ఫ్లడ్' దేశమంతటా మొదలైంది. అంతకు ముందే 1960ల చివర విజయవాడలో పాల ఫ్యాక్టరీ వెలిసి కృష్ణా, గోదావరి పల్లెల పాలకు దారి చూపింది. సెంటు భూమి లేని కుటుంబం కూడా ఒక గేదెను కట్టి, వెన్న శాతం లెక్కన పది పదిహేను రోజులకొకసారి డబ్బు కళ్ల చూసింది. ఆ డబ్బు చాలావరకు ఆడవారి చేతి డబ్బు. పిల్లల పుస్తకాలకు, పచారీ కొట్టు బాకీకి అదే ఆధారం. పొలం ప్లాటు కావడం వలన ముందుగా ఆగిపోయేది ఈ చేతి డబ్బే.

గజాల లెక్క

ఇక కొనేవారి సంగతి చూద్దాం. ఎకరం అంటే 4,840 గజాలు. 110 గజాల పొడవు, 44 గజాల వెడల్పు వున్న ఎకరం పొలాన్ని ఉదాహరణగా తీసుకుంటే విషయం తేటతెల్లమవుతుంది.

నిబంధనల ప్రకారం లేఅవుటు వేస్తే, మొత్తం స్థలంలో పది శాతం ప్రజల ఉపయోగానికి ఖాళీగా వదలాలి. అంటే 484 గజాలు పోతాయి. రోడ్లకు సుమారు 30 శాతం పోతుందనుకుంటే మరో 1,452 గజాలు తగ్గుతాయి. మిగిలేది 2,904 గజాలు. రెండేసి వందల గజాల చొప్పున 14 ప్లాట్లు వస్తాయి.

అదే అనుమతి లేకుండా అమ్మితే? మధ్యలో 12 అడుగుల బాట ఒకటి వదిలితే చాలు. బాటకు ఇటు 11, అటు 11 - మొత్తం 22 ప్లాట్లు వస్తాయి. తేడా ఎనిమిది ప్లాట్లు. అక్రమ లేఅవుటులో వున్న లాభమంతా ఈ ఎనిమిది ప్లాట్లలోనే వుంది. పార్కు కావలసిన చోటు, రోడ్డు కావలసిన చోటు, మురుగు కాల్వ కావలసిన చోటు కలిపి అమ్మివేసి రాబట్టిన లాభమది. ఆ 22 మందికి రేపు అగ్నిమాపక శకటం వచ్చే దారి వుండదు, వాన నీరు పోయే దారీ వుండదు.

'గజం చవక' అని సంబరపడి కొన్నవారు ఈ లెక్క వేసుకోవడం లేదు. ఇల్లు కట్టబోతే ప్లాను మంజూరు కాదు. బ్యాంకుకు వెళితే అనుమతి లేని స్థలంపై గృహ రుణం పుట్టదు. చివరకు అమ్ముకోబోతే కొనేవాడు కూడా ఇవే ప్రశ్నలు అడుగుతాడు. 'కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి' అన్న సామెత ఇటువంటి ప్లాట్లకు అతికినట్టు సరిపోతుంది.

రిజిస్ట్రేషను అయింది కదా అన్న ధీమా చాలామందిలో వుంది. రిజిస్ట్రేషను అన్నది లావాదేవీని నమోదు చేయడమే. లేఅవుటుకు అనుమతి వున్నట్టు గాని, అమ్మిన వ్యక్తికి నిర్వివాదమైన హక్కు వున్నట్టు గాని అది ధ్రువీకరించదు. కొన్నిచోట్ల హద్దులు కూడా చూపకుండా, ఉమ్మడి సర్వే నంబరులో 'అవిభక్త వాటా' అని రాసి ఇస్తున్నారు. అటువంటి దస్తావేజు చేతబట్టుకుని పొలంలో నిలబడితే తన గజాలు ఎక్కడున్నాయో కొన్నవాడు చూపలేడు.

కొల్లేరు పల్లంలో కొత్త చిక్కు

రోడ్డు పక్క ప్లాట్లకు అనుమతి చిక్కు అయితే, కొల్లేరు వైపు భూములకు నీటి చిక్కు, చట్టం చిక్కు రెండూ వున్నాయి.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు, అనేక మురుగు కాల్వలు వచ్చి కొల్లేరులో పడతాయి. బయటకు పోయే ప్రధాన మార్గం ఉప్పుటేరు ఒక్కటే. రాకకు పది దారులు, పోకకు ఒక దారి కావడం వలన పెద్దవాన వచ్చినప్పుడల్లా నీరు వెనక్కు ఎగదన్ని లంక గ్రామాలను, పల్లపు చేలను ముంచుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తర్వాత ఆ నీరే కొల్లేరుకు చేరింది. ఏలూరు - కైకలూరు రోడ్డు మీదుగా నీరు పారి రాకపోకలు నిలిచిపోయాయి. 2020 అక్టోబరులో తమ్మిలేరు పొంగి ఏలూరు పట్టణంలోకే నీరు వచ్చింది.

ఇటువంటి పల్లంలో వరి వున్నన్నాళ్లు వరద పంటను మాత్రమే ముంచింది. నీరు తీశాక అదే నేల మళ్లీ మేతనిచ్చింది. వేసవిలో కొల్లేరు తగ్గినప్పుడు బయటపడే బీళ్లు పశువులకు ఆదరువయ్యాయి. అదే పల్లంలో ప్లాట్లు వేస్తే మట్టి తోలి మెరక చేయక తప్పదు. ఒకరు మెరక చేస్తే ఆ నీరు పక్కవాడి చేలోకి పోతుంది. పక్కవాడూ మెరక చేస్తే మూడోవాడి చేలోకి పోతుంది. బోదె పూడిస్తే ఎగువ చేలన్నీ నిలువ నీటిలో మగ్గుతాయి. అంటే అమ్మిన రైతు తన ఎకరమే అమ్మినా, నీరు పోయే దారి రూపంలో ఇరుగుపొరుగు పొలాల విలువనూ కలిపి అమ్మినట్టవుతుంది.

చట్టం సంగతికి వస్తే, 1999లో ఐదో కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరు ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద దానికి అంతర్జాతీయ గుర్తింపు లభించింది. అంతకు ముందు 1976 ప్రాంతంలో మత్స్యకారుల సంఘాలకు చెరువులు తవ్వించి ఇచ్చింది ప్రభుత్వమే. తర్వాత పెట్టుబడిదారులు ప్రవేశించి చెరువులు విస్తరించాయి. 2005-06లో సర్కారే గట్లు కొట్టించింది. సుప్రీంకోర్టు ఆదేశాలపై 2025లోనూ గట్లు కొట్టించారు. ఇన్ని మలుపులు తిరిగిన నేలలో జిరాయితీ భూములు, డి-ఫారం పట్టా భూములు, ప్రభుత్వ భూములు కలగాపులగంగా వున్నాయి. కాంటూరు గీత పటంలో వుంటుంది గాని నేల మీద కనిపించదు. ఆ కనిపించని గీతకు ఇవతల వున్నదో అవతల వున్నదో తెలియని ముక్కను కొనడం కళ్లు మూసుకుని నీటిలో దిగడం వంటిది.

డి-ఫారం పట్టాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములను అమ్మరాదని 1977 చట్టం శాసించింది. 2023లో సవరణ తెచ్చి, 20 ఏళ్లు దాటిన వాటిపై అసలు లబ్ధిదారులకు యాజమాన్య హక్కు కల్పించారు. అక్రమాలు జరిగాయన్న ఆరోపణలు రాగా 2024లో ఇటువంటి భూముల రిజిస్ట్రేషన్లు నిలిపి విచారణ చేపట్టారు. చట్టం ఇన్నిసార్లు అటూ ఇటూ తిరిగినప్పుడు నలిగేది అటు అసలు పట్టాదారు, ఇటు చివర కొన్న చిన్న ఉద్యోగి. మధ్యలో చేతులు మార్చినవారు ముందే తప్పుకుంటారు.

పెదపాడు నేర్పిన పాఠం

భూమి పేరు చెప్పి సొమ్ము పోగుచేస్తే ఏమవుతుందో ఈ ప్రాంతానికి ఒకరు చెప్పనక్కరలేదు. 1995లో విజయవాడ కేంద్రంగా మొదలైన అగ్రిగోల్డ్ సంస్థ, వాయిదాలలో సొమ్ము కడితే గడువు తీరాక స్థలమో, వడ్డీతో సహా సొమ్మో ఇస్తామని చెప్పి ఏజెంట్ల ద్వారా పల్లె పల్లెనా డిపాజిట్లు సేకరించింది. 2014 నాటికి చెల్లింపులు నిలిచిపోయాయి. కొల్లేరు అంచునే వున్న పెదపాడు పోలీసు స్టేషనులో 2015లో నమోదైన కేసు రాష్ట్రమంతటినీ కుదిపింది. 2016 ఫిబ్రవరిలో సంస్థ ముఖ్య నిర్వాహకులను అరెస్టు చేసి ఏలూరు కోర్టులో హాజరుపరిచారు. బాధితులు పలు రాష్ట్రాలలో కలిపి సుమారు 32 లక్షల మంది, చిక్కుకున్న సొమ్ము 6,000 కోట్ల రూపాయల పైచిలుకు.

2019లోను, 2021లోను రాష్ట్ర ప్రభుత్వం 20 వేల రూపాయల లోపు కట్టిన చిన్న డిపాజిటుదారులకు రెండు విడతలుగా 900 కోట్లకు పైగా చెల్లించింది. పెద్ద మొత్తాలు కట్టినవారు జప్తు చేసిన ఆస్తుల వేలం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. పాలు అమ్మి, కూలి చేసి కట్టిన వాయిదాలు కూడా అందులో వున్నాయి.

నేడు ప్లాట్లు అమ్మేవారందరూ అటువంటివారని దీని భావం కాదు. భూమి వున్నది గదా, ఎక్కడికి పోతుంది అన్న నమ్మకమే అప్పుడూ పెట్టుబడి, ఇప్పుడూ పెట్టుబడి. భూమి ఎక్కడికీ పోదు. ఆ భూమిలో తన వాటా ఎంత, ఎక్కడ, దేనికి పనికివస్తుంది అన్నదే పోతుంది.

బేరంలో లేని మనిషి

ఈ వ్యవహారమంతటిలో కనిపించని మనిషి కౌలుదారు. డెల్టాలో చాలా పొలాలు కౌలు మీదనే సాగవుతున్నాయి. మక్తా సొంతదారుకు, గడ్డి కౌలుదారుకు అన్నది చాలాచోట్ల ఆనవాయితీ. ఆ గడ్డే అతని గేదెలకు ఆధారం. సాధారణంగా కౌలు నోటిమాట మీదనే వుంటుంది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందంతో పంట మీద రుణానికి, పరిహారానికి వీలు కల్పించింది గాని భూమిపై హక్కు ఇవ్వలేదు. కనుక సొంతదారు అమ్మిన రోజున కౌలుదారుకు చెప్పవలసిన పని లేదు, ఇవ్వవలసిన పరిహారమూ లేదు.

పొలం అమ్మిన వార్త అతనికి తెలిసేసరికి రాళ్లు పాతి వుంటాయి. మేతలేని గేదెలను సంతకు తోలడం మినహా గత్యంతరం లేదు. ఊరంతా ఒకేసారి తోలితే గేదె ధర కూడా పడిపోతుంది. సొంతదారుకు భూమి ధర పెరిగినకొద్దీ కౌలుదారుకు గేదె ధర తగ్గడం ఈ వ్యవహారంలో మిక్కిలి శోచనీయమైన అంశం.

చట్టాలకు కొదవ లేదు

చట్టాలు లేక ఇదంతా జరుగుతోందనడం సరికాదు. వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చాలంటే రుసుము కట్టి అనుమతి పొందాలని 2006లో చట్టం చేశారు. 2025లో ఆ చట్టాన్ని రద్దు చేసి, ఆ రుసుమును లేఅవుటు, భవన అనుమతుల దశలోనే వసూలు చేసే విధానం తెచ్చారు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే 'రెరా' ప్రకారం 500 చదరపు మీటర్ల కన్నా ఎక్కువ స్థలంలో, ఎనిమిదికి మించి ప్లాట్లు వేసి అమ్మాలంటే ముందుగా నమోదు తప్పనిసరి. పైన చెప్పిన ఎకరం, 22 ప్లాట్ల లేఅవుటు ఈ పరిధిలోకి నిశ్చయంగా వస్తుంది. ప్లాట్లను 'పొలం ముక్కలు' అని పేరు మార్చి అమ్మడం ఈ నమోదును తప్పించుకోవడానికే.

ఇదిలా వుండగా, అనుమతి లేని ప్లాట్లను అపరాధ రుసుముతో క్రమబద్ధీకరించే పథకాలను 2020లోను, 2025లోను ప్రభుత్వం ప్రకటించింది. తెలియక కొన్నవారికి ఇది వూరటే. కాని పథకం వస్తుందన్న భరోసా అక్రమంగా అమ్మేవారికి కూడా ధైర్యమిస్తోందన్నది కాదనలేని నిజం. రుసుము కట్టేది కొన్నవాడు, లాభం తిన్నది అమ్మినవాడు. పైగా రుసుము కట్టినంత మాత్రాన 12 అడుగుల బాట 40 అడుగులు కాదు.

కేరళలో 2008లో వరిపొలాలు, చిత్తడి నేలల పరిరక్షణకు ప్రత్యేక చట్టం చేశారు. వరి నేలను పూడ్చాలంటే స్థానిక కమిటీ పరిశీలన దాటాలి. అక్కడా ఉల్లంఘనలు లేకపోలేదు. అయినా, ఏ నేల పూడ్చకూడదో ముందే జాబితా రాసి పెట్టుకునే పద్ధతి మంచిది. కొల్లేరు, డెల్టా వున్న జిల్లాలకు అటువంటి జాబితా మరింత అవసరం.

చేయవలసింది ఏమిటి?

ఊళ్లు పెరుగుతాయి, ఇళ్లు కావాలి. దాన్ని ఎవరూ ఆపలేరు, ఆపనక్కరా లేదు. ఇంటికి మెరక, పాడికి పల్లం అన్న పాత వివేకాన్ని పాటిస్తే చాలు. 2019లో ఏర్పడిన ఏలూరు పట్టణాభివృద్ధి సంస్థ, ఆయా పంచాయతీలు కలిసి ఏ సర్వే నంబర్లలో ఇళ్లు రావచ్చో, ఏవి నీరు పారే దారులో గ్రామంవారీగా పటం గీసి పంచాయతీ కార్యాలయం గోడ మీద పెట్టాలి. పటం గోడ మీద వుంటే దళారీ నోటిమాటకు విలువ తగ్గుతుంది.

ఊరి పుంతలు, బోదెలు, మురుగు కోడులు ఏ ప్లాటులోనూ కలవకుండా రాళ్లు పాతవలసింది ముందుగా రెవెన్యూ శాఖ. ప్లాట్ల రాళ్ల కన్నా పుంత రాళ్లు ముందు పడితే సగం తగాదాలు తగ్గుతాయి. రాళ్లు పాతిన మర్నాడే పంచాయతీ నోటీసు ఇవ్వకుండా, 22 మంది కొన్న తర్వాత నోటీసు ఇవ్వడం వలన నష్టపోయేది కొన్నవారే.

అమ్మదలచిన చిన్న రైతులు ఎవరికి వారు ముక్కలు అమ్ముకోకుండా, పక్క పక్క పొలాలవారు కలిసి ఒకే లేఅవుటుగా అనుమతి పొందితే రోడ్డు, ఖాళీ స్థలం భారం అందరికీ సమంగా పడుతుంది. దళారీకి పోయే లాభం కూడా కొంత వారికే మిగులుతుంది. కౌలుదారుకు ఒక పంట ముందుగా తెలియజేయడం చట్టంలో లేకపోయినా ధర్మంలో వుంది.

కొనేవారు బయానా ఇవ్వకముందే కొన్ని సంగతులు విచారించుకోవాలి. లేఅవుటుకు అనుమతి సంఖ్య, రెరా నమోదు సంఖ్య వున్నాయా? ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషను చట్టం 22-ఎ కింద నిషేధ జాబితాలో వుందా? భారాల ధ్రువపత్రం, అడంగల్, 1-బి, లింకు దస్తావేజులు ఒకే పేరు చెబుతున్నాయా? ఖాళీ స్థలం, రోడ్లు పంచాయతీకి రాసిచ్చారా? ఇవన్నీ కాగితాలలో తేలే సంగతులు. కాగితాలలో తేలని సంగతి మరొకటి వుంది. అది 2024 సెప్టెంబరులో ఆ చేలో నీరు ఎంత ఎత్తున, ఎన్నాళ్లు నిలిచిందన్నది. దీనికి జవాబు ఏ కార్యాలయంలోనూ దొరకదు. ఆ పక్క చేలో గేదెలు కాసుకునే ముసలివారిని అడిగితే గట్టు మీద వేలు పెట్టి చూపిస్తారు.

పాడి పొలం అమ్మిన సొమ్ము ఒక పెళ్లికో, ఒక మేడకో సరిపోవచ్చు. పదిహేను రోజులకొకసారి వచ్చే పాల డబ్బు మాత్రం ఆ రోజుతో ఆగిపోతుంది. అమ్మకం సక్రమంగా జరిగితే కనీసం ఒక ఇల్లయినా లేస్తుంది. అక్రమంగా జరిగితే అటు గడ్డీ లేదు, ఇటు గడపా లేదు. సిమెంటు రాళ్ల మధ్య పిచ్చిమొక్కలు మొలిచిన పొలాలు ఇందుకు సాక్ష్యంగా రోడ్డు పక్కనే నిలిచి వున్నాయి. రెవెన్యూ, పంచాయతీ, పట్టణాభివృద్ధి శాఖల అధికారులు సార్వా నాట్లకు ముందే వాటి లెక్క తీయడం అవసరం.